ఇంత రాగి చాలు

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎం.వి. శంకర్ బృందం వాడే ముడిసరుకు చూస్తే ఎవరైనా పెదవి విరుస్తారు: గోడల రంగుల్లో కలిపే తెల్లపొడి, రాగి లవణం, గ్లిజరిన్, నీళ్లు. వీటితోనే ఎండలో హైడ్రోజన్ తీస్తారు. పనితనమంతా ఆ పొడిని మలచడంలో ఉంది.

పొడి పేరు టైటానియం డయాక్సైడ్. కాంతి పడితే అది నీటిని విడగొట్టగలదని 1972లో శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా చూపించారు. చిక్కేమిటంటే, కాంతి తగిలి లేచిన ఎలక్ట్రాన్ నీటిని చేరేలోపే, తాను వదిలివచ్చిన ఖాళీలోకి మళ్లీ జారిపోతుంది.

అందుకని, ఎలక్ట్రాన్ నీటిని చేరే దూరం తగ్గేలా ముందు పొడిని గొట్టాలు చేస్తారు. ఘాటైన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కలిపి, బిగించిన ఉక్కు పాత్రలో నూరు డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచుతారు. 1998లో జపాన్‌లో కసుగా బృందం వేసిన దారి ఇది. గింజలు పొరలుగా విడి, ఆ పొరలు చాపల్లా చుట్టుకుంటాయి. చుట్ట వ్యాసం 10 నానోమీటర్లకు అటూ ఇటూ. ఆ పైన క్షారం పోయేదాకా కడగాలి. ఓపిక అక్కడ కావాలి.

ఇక రాగి. ఎలక్ట్రాన్లను పట్టి ఉంచడానికి ప్లాటినం అయితే సులువే, ధర చూస్తేనే గుండె ఆగుతుంది! గొట్టాలను రాగి నైట్రేట్‌లో నానబెట్టి, ఆరబెట్టి, కాలిస్తే వాటి గోడలకు రాగి ఆక్సైడ్ రేణువులు అంటుకుంటాయి. ఎలక్ట్రాన్లు వాటి మీదికి చేరి హైడ్రోజన్ పుట్టిస్తాయి. ఎంత వేయాలన్నదే మెళకువ. తక్కువైతే ఎలక్ట్రాన్లకు చోటు చాలదు. ఎక్కువైతే రేణువులు ముద్దకట్టి, అడుగున ఉన్న గొట్టానికి వెలుతురే అందనివ్వవు. అందుకే మోతాదుకో నమూనా చేసి, గాలి తీసేసిన పాత్రలో వెలుగు సోకనిచ్చి, చేరిన వాయువును గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో కొలుస్తారు. పాత్ర కూడా క్వార్ట్జ్‌దే కావాలి. ఈ పొడికి పనికొచ్చే అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్ని మామూలు గాజు మింగేస్తుంది.

గ్లిజరిన్ సంగతి దాచకూడదు. ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీని పూడ్చి, అది ఖర్చైపోతుంది. కాబట్టి ఇది అచ్చంగా నీటిని చీల్చడం కాదు. అయినా, బయోడీజిల్ తయారీలో మిగిలిపోయే సరుకుకు పని కల్పించడం నాకు నచ్చిన లెక్క.

ఉత్త నీటితోనే చేస్తే? శాస్త్రవేత్త కజునారి డోమెన్ బృందం జపాన్‌లో 100 చదరపు మీటర్ల ప్యానెల్‌ను ఎండలో నడిపి 2021లో ఫలితాలు ప్రకటించింది. పడిన సౌరశక్తిలో హైడ్రోజన్‌గా చేతికొచ్చింది గరిష్ఠంగా 0.76 శాతం.