ఊళ్లోనే కంటి కొలత

రెటినోస్కోపు చూడటానికి పెద్ద పరికరమేమీ కాదు. గుప్పిట్లో ఇమిడే పిడి, దాని మీద చిన్న తల, ఆ తలలో ఒక బల్బు, ఒక కటకం, ఏటవాలుగా నిలబెట్టిన అద్దం, అద్దం మధ్యలో చూడటానికి చిన్న రంధ్రం. అంతే. బల్బు వెలుగు సన్నని గీతగా బయటికొస్తుంది. ఆ గీతను ఎదుటి మనిషి కంటిపాపలోకి వేసి, రంధ్రంలోంచి చూస్తూ పిడిని మెల్లగా అటూ ఇటూ తిప్పుతారు. కంటి వెనక పొర మీద పడి తిరిగొచ్చిన ఎర్రటి వెలుగు పాపలో కదులుతుంది. అది ఏ దిక్కుకు కదిలింది, ఎంత వేగంగా కదిలింది అన్నదాన్ని బట్టి కంటి పవర్ తెలుస్తుంది. ఎదుటి మనిషి నోరు విప్పనక్కర్లేదు. చదువు రాని ముసలమ్మకైనా, మాటలు రాని పసిబిడ్డకైనా కొలత వస్తుంది.

ఈ పరికరాన్ని పట్టుకున్నది డాక్టరు కాదు. ఇంటర్మీడియట్ పాసై, ఏడాది శిక్షణ పొంది, తన ప్రాంతానికే తిరిగొచ్చిన అమ్మాయో అబ్బాయో. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లను విజన్ టెక్నీషియన్లు అంటుంది. వాళ్లు కూర్చునే చిన్న కేంద్రం విజన్ సెంటర్. దాదాపు యాభై వేల జనాభాకు ఒకటి చొప్పున ఉండాలని లెక్క. కార్నియా మార్పిడి లాంటి పెద్ద ఆపరేషన్ల గురించి పత్రికల్లో బోలెడు చదివాం. నా మటుకు నాకు ఈ చిన్న గదిలో జరిగే పనితనమే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

కొల్లేటి లంక గ్రామం నుంచి యాభై ఏళ్ల మనిషి ఒకాయన ఇలాంటి గదికి వచ్చాడనుకుందాం. పుట్టిన దగ్గర్నుంచి నీళ్ల మీద, ఎండలో బతికిన మనిషి. దూరంగా వస్తున్న పడవలో ఎవరున్నారో ఆనడం లేదు. చిరిగిన వల కళ్లు కలపడం మరీ కష్టమైపోయింది. కుర్చీలో కూర్చోబెట్టాక మొదటి పని ఒక్కో కన్ను మూసి చార్టు చదివించడం. అక్షరాలు రాకపోతే నాలుగు దిక్కులకూ తిప్పిన ఇంగ్లీషు ‘E’ ఆకారాల చార్టు ఉంటుంది. మూడు వేళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి పోల్చగలిగేదాన్ని ఈయన ఆరు మీటర్ల దగ్గరికొస్తే గానీ పోల్చలేకపోతే చూపు 6/60.

రెండో పని చవకైనది, తెలివైనది. నల్లటి మూత మధ్యలో మిల్లీమీటరుకు కాస్త పైగా ఉన్న రంధ్రంలోంచి టెక్నీషియన్ అమ్మాయి మళ్లీ చార్టు చూడమంటుంది. అంత సన్నని దారిలో వచ్చే కిరణాలను కన్ను పెద్దగా వంచే పనిలేదు. కాబట్టి లోపం పవర్‌దే అయితే ఆ రంధ్రంలోంచి చూపు వెంటనే మెరుగవుతుంది, అద్దాలతో పని జరుగుతుంది. మెరుగవకపోతే లోపం శుక్లంలోనో, వెనక పొరలోనో, నరంలోనో ఉండొచ్చు. మనిషి ఏ దారిన వెళ్లాలో అర నిమిషంలో తేలిపోతుంది.

ఇప్పుడు రెటినోస్కోపు. టెక్నీషియన్ సరిగ్గా అర మీటరు దూరంలో కూర్చుంటుంది. ఆయన ముఖానికి ట్రయల్ ఫ్రేము తొడుగుతుంది. కటకాలు పెట్టడానికి గాడులు, చుట్టూ డిగ్రీల గీతలు ఉన్న బరువైన ఫ్రేము అది. గీతను నిలువుగా నిలబెట్టి అడ్డంగా కదుపుతుంది. పాపలో వెలుగు గీత వెంటే కదిలితే ప్లస్ కటకం వేయాలి, ఎదురు కదిలితే మైనస్. అసలు పవర్‌కు చాలా దూరంగా ఉంటే ఆ వెలుగు మసకగా, మందంగా కదులుతుంది. కటకాలు మార్చుతూ దగ్గరికొచ్చే కొద్దీ ప్రకాశం పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. ఒక కటకం దగ్గర కదలిక ఆగిపోయి పాపంతా ఒక్కసారిగా నిండుగా వెలుగుతుంది. కొలత దొరికింది. అయితే ఆ కటకం అంకె అలాగే రాయకూడదు. ఆమె కూర్చున్న అర మీటరు దూరానికి రెండు డయాప్టర్లు తీసేయాలి. కుర్చీ ముందుకో వెనక్కో జరిగితే ఈ లెక్క మారిపోతుంది. అందుకే శిక్షణలో చేతి పొడవును కొలబద్దగా వాడటం అలవాటు చేస్తారు.

మన కొల్లేటి పెద్దాయన కంట్లో ఇంకో సంగతి ఉంది. ముక్కు వైపు తెల్లగుడ్డు మీద రెక్కలాంటి కండ పెరిగి, నల్లగుడ్డు మీదికి పాకింది. ఎండలోనూ దుమ్ములోనూ ఎక్కువ కాలం పనిచేసేవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది, టెరీజియం అంటారు. ఈ కండ కార్నియా వంపును అడ్డంగా కొంచెం చదును చేస్తుంది. రెటినోస్కోపు దాన్ని పట్టేస్తుంది. గీత అడ్డంగా కదిపినప్పుడు ప్లస్ మూడు దగ్గర ఆగింది, గీతను తొంభై డిగ్రీలు తిప్పి నిలువుగా కదిపితే ప్లస్ రెండు దగ్గరే ఆగింది. రెండింటిలోంచీ దూరానికి రెండేసి డయాప్టర్లు తీసేస్తే ఒక దిక్కున ప్లస్ ఒకటి, ఇంకో దిక్కున సున్నా. కాగితం మీద అది ప్లస్ ఒకటి సిలిండర్, యాక్సిస్ తొంభై. ఇన్నేళ్లు ఎండలో బతికినదాని గుర్తు ఒక అంకెగా బయటపడింది. యాక్సిస్ ఐదారు డిగ్రీలు అటూ ఇటూ అయితే పర్వాలేదనుకుంటాం గానీ, సిలిండర్ పవర్ పెరిగే కొద్దీ ఆ తేడా కూడా మనిషికి చికాకుగా తగులుతుంది.

తర్వాతే మాటలు. “బాబాయ్ గారూ, ఇప్పుడు బావుందా, ఇందాకటిది బావుందా?” అని ఒక్కో కటకం తిప్పి అడుగుతుంది. ఇక్కడ ఓపిక కావాలి. పెద్దవాళ్లు మొహమాటానికి “రెండూ బావున్నాయమ్మా” అంటారు. అలా అన్నప్పుడు తేడా పెద్దదిగా చేసి మళ్లీ అడగాలి, అప్పుడు జవాబు నిజంగా వస్తుంది. చత్వారం అద్దాల దగ్గర ఇంకో చిక్కు. చదువుకు కొలిచే దూరం మామూలుగా నలభై సెంటీమీటర్లు. వల బాగు చేసే మనిషి దాన్ని ఒళ్లో పరుచుకుని దాదాపు అర మీటరు నుంచి చూస్తాడు. నలభై దగ్గర కంటికి కావలసింది రెండున్నర డయాప్టర్లు, అర మీటరు దగ్గర రెండు చాలు. చదువుకని కొలిచిన అద్దం ఇస్తే వల మసకేస్తుంది, ఆయన నాలుగు రోజులు పెట్టుకుని గూట్లో పడేస్తాడు. అందుకని చార్టును పక్కన పెట్టి “వల ఎలా పట్టుకుంటారో చూపించండి” అని అడిగే టెక్నీషియన్‌దే గెలుపు. ఆ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, ఆ ఊరి మనిషికి తడుతుంది.

అద్దాల పవర్ సరిపోతే చాలదు, వాటి మధ్యబిందువు కంటిపాప ఎదురుగా రావాలి. నాలుగు పవర్ అద్దం అర సెంటీమీటరు పక్కకి జరిగితే వస్తువును రెండు ప్రిజం డయాప్టర్ల మేర పక్కకి నెట్టి చూపిస్తుంది. దానికి చిన్న స్కేలే ఆయుధం. టెక్నీషియన్ ఎదురుగా కూర్చుని తన కుడి కన్ను మూసుకుంటుంది, ఎడమ కన్నునే చూడమంటుంది. స్కేలు సున్నాను ఆయన కుడి పాప బయటి అంచుకు ఆనిస్తుంది. స్కేలు కదపకుండా ఇప్పుడు కుడి కన్ను తెరిచి ఎడమది మూసి, తన కుడి కన్ను చూడమంటుంది. ఆయన ఎడమ పాప లోపలి అంచు దగ్గర ఎంతుందో చదువుతుంది. ఒకేసారి రెండు కళ్లతో చూసి కొలిస్తే వచ్చే ఏటవాలు తప్పు ఈ కళ్లు మార్చే పద్ధతితో పోతుంది.

చివరికి స్లిట్ ల్యాంపు. గడ్డం ఆనించే చట్రం, జంట కటకాల సూక్ష్మదర్శిని, సన్నని కోత లాంటి వెలుగు. నల్లగుడ్డు అంచు మీద వెలుగును అరవై డిగ్రీల ఏటవాలులో వేస్తే రెండు గీతలు కనబడతాయి, ఒకటి కార్నియా మీద, ఇంకొకటి లోపలి ఐరిస్ మీద. ఆ రెండింటి మధ్య ఉన్న చీకటి సందు కార్నియా మందంలో పావు వంతు కన్నా తక్కువగా ఉంటే కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకు. అలాంటి కంటిలో పాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే ఆ దారి పూర్తిగా మూసుకుపోయి, ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, నీటికాసుల ప్రమాదం ముంచుకురావచ్చు. చుక్కల సీసా పక్కన పెట్టేసి, ఆ మనిషిని ఆసుపత్రికి పంపడమే ఇక్కడ పనితనం. ఏడాది శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదేనేమో, చేతిలో ఉన్నదాన్ని చేయకుండా ఆపుకోవడం.

ఈ గది ఒంటరిది కాదు. దీనికి కింద, ఐదు వేల మందికి ఒకరు చొప్పున ఊరిలో ఇల్లిల్లూ తిరిగే విజన్ గార్డియన్. పైన, ఐదు లక్షల మందికి శుక్లాల ఆపరేషన్ చేసే చిన్న ఆసుపత్రి, దాని చుట్టూ పది విజన్ సెంటర్లు. ఆ పైన యాభై లక్షల మందికి పెద్ద ఆసుపత్రి, అన్నిటికీ పైన ఐదు కోట్ల మందికి పరిశోధన, శిక్షణ ఉన్న కేంద్రం. లెక్క ఒక్కో మెట్టుకూ ఎదుగుతూ పోతుంది. పైమెట్టు పెద్దదిగా కనిపిస్తుంది గానీ, దానికి మనుషులు చేరేది కింది నుంచే. తాడిగడపలో కృష్ణా తీర జిల్లాల కోసం కట్టిన పెద్ద ఆసుపత్రీ ఈ వరసలోదే.

సంస్థకు పేరిచ్చిన ఎల్.వి. ప్రసాద్ మన ఏలూరు పక్కనున్న సోమవరప్పాడులో 1908లో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ తీసిన దర్శకుడు. కృష్ణా జిల్లాలో పుట్టి అమెరికాలో కంటి వైద్యుడిగా స్థిరపడ్డ గుళ్లపల్లి నాగేశ్వరరావు తిరిగొచ్చి సంస్థ పెడతానన్నప్పుడు ప్రసాద్ ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో హైదరాబాద్‌లో తలుపులు తెరుచుకున్నాయి. 1996లో ముథోల్‌లో మొదటి గ్రామీణ ఆసుపత్రి వచ్చింది. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ జరిపిన సర్వేలో 10,293 మందిని పరీక్షించారు. నాలుగు ప్రాంతాల్లో ఒకటి ఏలూరు కేంద్రంగా ఉన్న అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అంధత్వం 1.84 శాతం అని తేలింది. అందులో దాదాపు అరవై శాతానికి కారణం శుక్లం, అద్దాలు లేకపోవడం. రెండింటికీ మందూ మార్గమూ ఎప్పుడో తెలుసు. వాటిని ఊరి దాకా తెచ్చే మనిషే లేడు.

ఈ లోటును వేరే చోట వేరేగా తీర్చినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో ఆదిమవాసులు 1971లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో తమ సొంత వైద్య సంస్థ పెట్టుకున్నారు. 1976 నుంచి 1978 దాకా కంటి వైద్యుడు ఫ్రెడ్ హాలోస్ బృందం ట్రకోమా అనే కంటి అంటువ్యాధిని వెతుకుతూ మారుమూల సముదాయాలు 465 తిరిగినప్పుడు, ట్రెవర్ బజకాట్ లాంటి ఆదిమవాసులు ముందుగా వెళ్లి ఆ ఊళ్లకు విషయం వివరించేవారు, అనుమతి అడిగేవారు. తర్వాతి కాలంలో అలాంటి ఆదిమవాసుల వైద్య సంస్థల్లోనే కంటి పనుల సమన్వయకర్తలు నియమితులయ్యారు. హైదరాబాద్ సంస్థలోని ఆప్టోమెట్రీ విద్యాలయానికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్ పేరు పెట్టారు. దారులు కలిసిన చోటు అది. ఆస్ట్రేలియాలో సంస్థ యాజమాన్యమే ఆ సమాజానిది, ఇక్కడ చెయ్యి మాత్రమే ఊరిది. ఆ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం.

అయినా ఆ చెయ్యి ఊరిది కావడం వల్ల ఏం జరుగుతుందో తాడేపల్లిగూడెం వైపు వరి కోతల్లో బాగా తెలుస్తుంది. సార్వా, దాళ్వా కోతల్లో, నూర్పిళ్లలో వరి ఆకు అంచో, ఎగిరొచ్చిన ఊక ముక్కో కంటికి తగులుతుంది. చిన్న గీత పడుతుంది. చనుబాలో ఆకు పసరో పోస్తారు, లేదా మందుల షాపులో దొరికిన స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు. గీతలో బూజు పట్టి ఉంటే స్టెరాయిడ్ దానికి మేతే అవుతుంది. పది రోజుల తర్వాత వచ్చేది పుండు, ఆ తర్వాత జీవితాంతం పువ్వు.

టెక్నీషియన్ చేసేది సులువైన పరీక్ష. నారింజ రంగు పూసిన కాగితపు పట్టీని తడిపి కంటి కింది రెప్పకు తాకిస్తుంది. స్లిట్ ల్యాంపులో నీలి వెలుగు వేస్తుంది. పొర చెదిరిన చోట పచ్చగా మెరుస్తుంది. పచ్చ మచ్చ కనబడితే ఆమె తనకు తానుగా ఏ చుక్కలూ వేయదు, డాక్టరుకు ఫోన్ చేసి అదే రోజు పంపుతుంది. కోత మానుకుని కూలి పోగొట్టుకుని పట్నం వెళ్లడానికి ఎవరికీ మనసొప్పదు. పక్క వీధి పిల్ల దగ్గరికైతే సాయంత్రం కాళ్లు కడుక్కుని వచ్చేస్తారు.