పెట్రోలు కలిపిన రంగులు

కెనడా చిత్రకారిణి ఎమిలీ కార్ (1871-1945) గురించి రాసేవాళ్ళలో చాలామంది ఆమె జీవితంలోని మలుపుగా 1927ని చూపిస్తారు. విక్టోరియాలో అద్దె ఇల్లు నడుపుతూ, కుక్కపిల్లల్ని పెంచి అమ్ముతూ, యాత్రికుల కోసం కుండలు చేస్తూ పదిహేనేళ్ళ పాటు చాలా తక్కువ గీసిన ఆమె, ఆ ఏడాది ప్రదర్శన కోసం తూర్పుకి వెళ్ళి లారెన్ హారిస్‌ని కలిసింది. అతని ప్రోత్సాహంతో మళ్ళీ కుంచె పట్టింది. ఇది అబద్ధం కాదు. ఆదివాసుల టోటెమ్ స్తంభాలను పక్కనపెట్టి అడవినే చూడమన్నదీ అతనే. కానీ ఏం గీయాలో మరొకరు చెప్పినంత మాత్రాన చెయ్యి కదిలే తీరు మారదు కదా!

అప్పటిదాకా ఆమె అలవాటు వేరు. బయట నీటిరంగులతోనో బొగ్గుతోనో గుర్తుకోసం గీసుకోవడం, ఇంటికొచ్చి కాన్వాస్ మీద తీరిగ్గా తైలవర్ణాలు వేయడం. 1932 ప్రాంతంలో చౌకరకం మనీలా కాగితం తీసుకుని, తైలవర్ణంలో పెట్రోలు కలిపి పల్చన చేసి, అడవిలోనే గీయడం మొదలుపెట్టింది. రంగు నీళ్ళలా పారుతుంది, త్వరగా ఆరుతుంది. కాగితాలు మోయడం తేలిక. 1933లో ఒక పాత కారవాన్ కొని, దానికి 'ఏనుగు' అని పేరుపెట్టి, కుక్కలతో, కోతితో సహా వేసవుల్లో చెట్ల మధ్య మకాం పెట్టింది.

దీన్ని డబ్బులేని స్త్రీ చేసుకున్న సర్దుబాటుగా చెప్పి ముందుకెళ్ళిపోవడం నాకు అభ్యంతరం. (మన రచయిత్రుల కథలు చిన్నవిగా ఉంటే 'పాపం, తీరికలేక' అంటారే, అలాగే.) డబ్బు ఇబ్బంది నిజమే. అయితే ఖరీదైన కాన్వాస్ ముందు ప్రతి గీతా లెక్క చూసుకుంటుంది. పాడైనా ఫరవాలేదనుకున్న కాగితం మీద చెయ్యి భుజం నుంచి కదులుతుంది. 1935 నాటి 'స్కార్న్‌డ్ యాజ్ టింబర్, బిలవ్డ్ ఆఫ్ ద స్కై' చూడండి. కలప కోసం అడవిని నరికేయగా పనికిరావని వదిలేసిన సన్నటి చెట్లు. వాటి చుట్టూ అలలలుగా తిరిగే ఆకాశం. ఇది కాన్వాసే. ఆ కుంచె విసురు మాత్రం కాగితం మీద అలవడిందే. అడవిలో నేర్చిన పద్ధతి ఇంట్లోని పాత పద్ధతిని మార్చేసింది. ఆ కాగితాలు కాలక్రమేణా పసుపెక్కుతాయన్నది వేరే సంగతి.

1937లో గుండెపోటు వచ్చాక అడవి ప్రయాణాలు తగ్గి, రాయడం పెరిగింది. 'క్లీ విక్' 1941 సంవత్సరానికి గవర్నర్ జనరల్ పురస్కారం పొందింది. ఆ మార్పుని కూడా జబ్బు ఖాతాలోనే రాస్తుంటారు.