పుట్టింటికి పర్మిట్

ఈ వారం ఫియట్ బావగారి ఇంట్లో ఒక దరఖాస్తు ఫారం చిచ్చు పెట్టింది. ఈ కాలమ్‌ని మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు ఫియట్ బావగారిని మళ్లీ పరిచయం చేయనక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. ఆయన కాలమిస్టు అక్కగారి భర్త. హైదరాబాద్‌లో కాపురం. 1975 మోడల్ ప్రీమియర్ పద్మిని కారుకి యజమాని. ఆర్‌సీలో ఏం రాసున్నా ఆ ఇంట్లో అది ఫియటే.

ఫారం తెచ్చింది మేనల్లుడు. బండికి యాభై ఏళ్లు నిండాయి కాబట్టి ఇక దాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించవచ్చని వాడి ఉత్సాహం. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇందుకోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారైనా టూ వీలరైనా దీనికి అర్హమే. ఛాసిస్, బాడీ, ఇంజను మాత్రం కంపెనీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. కొత్తగా నంబరు తీసుకునే బండికి 20,000 రూపాయలు కట్టించుకుని ‘వీఏ’ సిరీస్ ఇస్తారు. ఇదివరకే నంబరున్న బండిని మళ్లీ రిజిస్టర్ చేయించడానికి 5,000 చాలు, పాత నంబరు పాతగానే ఉంటుంది. అది పదేళ్లు చెల్లుతుంది.

మామూలు దారిలో వెళితే ఐదేళ్లకోసారి రిన్యూవల్ తప్పదు. ఆ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. లెక్కలొచ్చినవాడెవడైనా ఏ వైపు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు.

కాలమిస్టు కూడా అటే మొగ్గాడు. పాత బండి అనగానే సర్కారు నోట తుక్కు అన్న మాట తప్ప ఇంకోటి రాదేమని ఇదే చోట ఎన్నిసార్లు రుసరుసలాడాడో పాఠకులకు తెలుసు. అంబాసిడర్లో జపాన్ డీజిల్ ఇంజను బిగించి మురిసిపోయేవాళ్ల మీద, పద్మినికి తళతళలాడే అలాయ్ చక్రాలు తొడిగేవాళ్ల మీద ఆయనకున్న మంట సంగతీ తెలుసు. బండి ఒరిజినల్‌గా ఉండాలి, ఆ ఉన్నందుకు దానికో గౌరవం దక్కాలి. ఇదీ ఆయన పాత పాట. అందుకే మేనల్లుడు ఫోన్ చేసి “మామయ్యా, మన ఫియట్‌కి వింటేజ్ హోదా వస్తోంది” అన్నప్పుడు, ఈ వారం కాలమ్ సంబరంగానే మొదలవ్వాల్సింది.

ఆ ఫియట్ ఒక్క మనిషి సరదాతో ఇన్నాళ్లు బతికిన బండి కాదు. పాత కార్ల పిచ్చి ఉన్న మగవాళ్ల మీద పత్రికల్లో వచ్చే ఫీచర్లన్నీ ఒకే మూసలో ఉంటాయి. చేతిలో మెత్తటి గుడ్డతో ఆయన బానెట్ పక్కన నిలబడతాడు, వెనకెక్కడో భార్య ఓపిగ్గా నవ్వుతూ ఉంటుంది. బావగారి ఇంట్లో ఆ ఫోటో తీయడం కుదరదు. భార్య బానెట్ లోపల ఉంటుంది కాబట్టి.

వేసవిలో ఫియట్ ట్రాఫిక్‌లో ఆగిందంటే ఇంజను వేడికి పెట్రోలు పంపులోనే, పైపులోనే ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. దాంతో కార్బురేటర్‌కి చుక్క అందక బండి గుటుక్కుమంటుంది. దీనికి మందు పంపు మీద తడిగుడ్డ. ఆ గుడ్డ, నీళ్ల సీసా అక్కయ్య డిపార్టుమెంటు. ఎంతసేపుంచాలో, ఎప్పుడు తీయాలో ఆమెకు తెలిసినట్టు బావగారికి తెలియదు. ప్లాటినం పాయింట్ల సందు చూడటం చిన్నప్పుడే మేనకోడలికి దఖలు పడింది. ఇప్పుడు డాలస్‌లో కరెంటు కారు నడుపుతూ కూడా, వీడియో కాల్‌లో ఇంజను చప్పుడు విని “పాయింట్లు మాడినట్టున్నాయి నాన్నా, ఎమరీ పెట్టి రుద్దండి” అంటుంది.

మేనల్లుడిది విడిభాగాల వేట. పద్మిని పుట్టింది ముంబయిలోని కుర్లాలో. దాని ఎముకలు దొరికేదీ ఎక్కువగా ఆ చుట్టుపక్కల తుక్కు బజార్లలోనే. నలుపు పసుపు ట్యాక్సీలుగా తిరిగిన పద్మినుల్లో చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరైంది. ముంబయిలో ట్యాక్సీ ఆయుష్షు 20 ఏళ్లే కాబట్టి 2023 అక్టోబరుతో వాటి కథ ముగిసింది. నగరమంతా కన్నీళ్లు పెట్టుకుంది. మేనల్లుడు మాత్రం, డోరు హ్యాండిళ్లు ఇంక చవగ్గా దొరుకుతాయా అని వాకబు చేశాడు.

ఇంతకీ ఈ బండి ఏం చేస్తుంది? నల్లగొండ వస్తుంది. నల్లగొండలో కాలమిస్టు ఇల్లుంది, అంటే అక్కయ్య పుట్టిల్లు. హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, చిట్యాల, నార్కెట్‌పల్లి మీదుగా వంద కిలోమీటర్లు. 1,089 సీసీ ఇంజను, సుమారు 40 హార్స్ పవర్. ఏసీ లేదు, ముందు కిటికీ మూల ఉన్న త్రికోణపు అద్దం తిప్పితే ముఖం మీదికి గాలి కొడుతుంది, అంతే. గేరు స్టీరింగ్ పక్కనే ఉండటంతో ముందు సీటు అడ్డం లేని బెంచీ. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అమ్మా నాన్నల మధ్య ఎవరు కూర్చోవాలన్న తగువు ఎల్బీ నగర్‌లో మొదలై నార్కెట్‌పల్లి దాకా సాగేది. డిక్కీలో పులిహోర డబ్బా, పనిముట్ల సంచీ పక్కపక్కనే. దసరాకీ సంక్రాంతికీ ఆ బండి వీధి మలుపు తిరగ్గానే ఆ చప్పుడుకే ఇంట్లో పొయ్యి మీద కాఫీ నీళ్లు పడతాయి.

అసలు పేచీ ఎక్కడొచ్చిందంటే, అక్కయ్య ఆ నిబంధనలు చివరిదాకా చదివింది. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని మామూలు వాడకానికి గానీ వ్యాపారానికి గానీ రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు తీసుకెళ్లవచ్చు. సాంకేతిక పరిశోధనకు వాడవచ్చు. వింటేజ్ ర్యాలీలో తిప్పవచ్చు. పెట్రోలు పోయించుకోవచ్చు, బాగు చేయించుకోవచ్చు. జాబితా అక్కడితో సరి.

“మరి నల్లగొండ?” అని అడిగింది అక్కయ్య.

మేనల్లుడికి లాయరు బుద్ధి. మామూలు వాడకం అంటే రోజూ వాడటమనీ, ఏడాదికి రెండుసార్లు వెళ్తే ఎవడూ పట్టించుకోడనీ వాదించాడు. బావగారు ఏమీ అనలేదు. అక్కయ్యే అంది, “ఎవడో పట్టించుకోడని పుట్టింటికి దొంగతనంగా వెళ్లాలా?”

సరిగ్గా ఇక్కడే కాలమిస్టు ధ్యాస పక్కకు మళ్లింది. 1888 ఆగస్టు, జర్మనీలోని మాన్‌హైమ్ ఊరు. అంతకు రెండేళ్ల ముందు, 1886 జనవరి 29న, కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. బండి మంచిదే. కొనే నాథుడే లేడు. బెంజ్ గొప్ప ఇంజనీరు, సంత తెలియని మనిషి. దాన్ని వర్క్‌షాపు చుట్టుపక్కల నాలుగడుగులు తిప్పడం, లోపలికి తోయడం, మళ్లీ విప్పడం. ఆ బండిలో ఆయన భార్య బెర్తా సొమ్ము కూడా ఉంది. పెళ్లికి ముందే ఆమె తనకు రావాల్సిన కట్నం డబ్బు తీయించి, భాగస్వామి వాటా కొనడానికి కాబోయే భర్త చేతిలో పెట్టింది. పెట్టుబడి పెట్టిన మనిషికి షెడ్డులో బండి చూస్తూ కూర్చుంటే ఎలా ఉంటుంది?

బడికి సెలవులిచ్చారు. ఒకరోజు తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, పెద్ద కొడుకులు యూజిన్, రిచర్డ్‌లను వెంటబెట్టుకుని బెర్తా ఆ బండెక్కింది. గమ్యం ఫోర్జ్‌హైమ్. దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం మోటారు బండి మీద అప్పటిదాకా లోకంలో ఎవరూ వెళ్లలేదు. ఫోర్జ్‌హైమ్‌లో ఏముంది? వాళ్లమ్మ ఉంది. లోక చరిత్రలో మొదటి దూరపు కారు ప్రయాణం ర్యాలీ కాదు, పందెం కాదు. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒక ఇల్లాలు పుట్టింటికి వెళ్లడం.

దారి పొడవునా జరిగింది ఏ ఫియట్ కుటుంబానికైనా తెలిసిన కథే. పెట్రోలు బంకు అన్న మాటే పుట్టని రోజులవి. ఇంజనుకు కావాల్సిన లిగ్రోయిన్ మరకలు పోగొట్టే మందుగా మందుల షాపుల్లో అమ్మేవారు. వీస్‌లోఖ్ అనే ఊళ్లో బెర్తా మందుల షాపు ముందు ఆగి ఆ సరుకు కొంది. ఆ షాపు ఇవాళ్టికీ తనను ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకుగా చెప్పుకుంటుంది. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకున్న పిన్ను తీసి పొడిచింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ తీసి చుట్టింది. గొలుసు పాడైతే కమ్మరి చేత బాగు చేయించింది. చెక్క బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత దాని మీద తోలు కొట్టించింది. ఇంజను చల్లబడటానికి పోసిన నీళ్లు పోసినట్టే ఆవిరవుతుంటే, కనపడిన ప్రతిచోటా ఆగి నీళ్లు నింపుకున్నారు. ఎత్తు వచ్చిన చోట బండి ఎక్కలేకపోయింది. తల్లీ, పెద్దవాడూ దిగి వెనకనుంచి తోశారు, తేలికగా ఉన్న చిన్నవాడు స్టీరింగ్ పట్టుకున్నాడు.

పొద్దుపోయాక పుట్టింటికి చేరి, క్షేమంగా వచ్చామని భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొన్నాళ్లుండి అదే బండిలో తిరిగొచ్చింది. వచ్చాక మొగుడికి చెప్పిన మొదటి సంగతుల్లో ఒకటి, ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని. బెంజ్ పెట్టాడు. ఊళ్లవాళ్లు కళ్లారా చూసిన బండికి పేరొచ్చింది. 95వ పుట్టినరోజు జరిగిన రెండు రోజులకు, 1944 మే నెలలో పోయిందామె. ఆ దారిని ఇప్పుడు బెర్తా బెంజ్ స్మారక మార్గంగా బోర్డులు పెట్టి చూపిస్తున్నారు.

ఈ కథంతా ఫోన్‌లో చెప్పగానే మేనల్లుడు ఎగిరి గంతేశాడు. “చూశావా మామయ్యా, ఆవిడ వెళ్లబట్టే కదా గేరు సంగతి తేలింది. అది సాంకేతిక పరిశోధనే. అమ్మ తడిగుడ్డ కూడా ఆ పద్దు కిందికే వస్తుంది.” తెలివైన మాటే. కానీ చిట్యాల దగ్గర ఆపిన ఇన్‌స్పెక్టరుకి పులిహోర డబ్బా చూపించి అది ప్రయోగ సామగ్రి అనడం ఎలా?

ఆ జర్మనీలోనే 1997 నుంచి పాత కార్లకు ‘హెచ్’ అక్షరంతో నంబరిస్తున్నారు. బండికి 30 ఏళ్లు దాటాలి, మార్పులు చేయకుండా మంచి స్థితిలో ఉందని నిపుణుడు చూసి చెప్పాలి. ఏడాదికి ఒకే మొత్తం, దాదాపు 191 యూరోల పన్ను కట్టి ఎక్కడికైనా వెళ్లవచ్చు, కూరగాయలకైనా పుట్టింటికైనా. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారు పెద్ద మార్పులు లేకుండా ఉంటే రోడ్డు పన్ను లేదు, ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్షా తప్పనిసరి కాదు. వ్యాపారానికి మాత్రం వాడకూడదు. కుటుంబంతో తిరగడాన్ని ఆ రెండు దేశాలూ నేరంగా చూడలేదు.

మన నిబంధన రాసినవాళ్ల భయమూ అర్థం లేనిదేం కాదు. వింటేజ్ ముసుగులో పొగ కక్కే బండ్లు ఊళ్లో తిరిగితే? సీటు బెల్టు, ఎయిర్ బ్యాగు, పొగ వడపోసే కన్వర్టరు ఏవీ లేని తరం అది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టి, ఓడోమీటరు చూసి సంతకం చేస్తే ఆ భయం తీరేది. ఎందుకు వెళ్తున్నావని అడగడం కన్నా ఎంత తిరిగావని అడగడం తేలిక, న్యాయం కూడా.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. రాజు ఊరేగడానికి సింహాసనంలాంటి సీటుతో చేయించిన కారు. చూడటానికి రెండు కళ్లూ చాలవు. పుట్టినప్పటినుంచీ అది తిరిగింది చాలా తక్కువ. దాని ముందు నిలబడి ‘ఒరిజినల్ అంటే ఇదీ’ అని కాలమిస్టు ఇదివరకు ఉపన్యాసం దంచాడు. అదే కాలమిస్టు ఈ వారం ఫియట్‌కి వింటేజ్ హోదా వద్దని ఓటేశాడు. అందులో స్వార్థం ఉంది, దాచేదేం లేదు. హోదా వస్తే దసరాకి ఇంటి ముందు ఆగేది వాళ్లు బస్సు దిగి ఎక్కిన ఆటో. పులిహోర ఎలాగూ వస్తుంది. ఫియట్ రాదు.

బావగారు మామూలు రిన్యూవల్‌కే సిద్ధమయ్యారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. “పది వేలంటే నాలుగు టైర్లలో సగం” అని గొణిగారు గానీ, కడతారు. మేనల్లుడు మాత్రం ఫారం చింపలేదు. నిబంధన మారే రోజొస్తుందని వాడి ఆశ. ఈలోగా వాడికి వేరే పని పడింది. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఆ కాలపు రబ్బరు గొట్టాలూ పంపులోని పొరా దాని దెబ్బకు మెత్తబడి ఉబ్బుతాయి. దసరా లోపు అవన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాలి. పంపు మీద కప్పే గుడ్డ మాత్రం పాతదే ఉండాలని అక్కయ్య షరతు పెట్టింది.