ఇనుము కుదిర్చిన జంట

విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందు అణువు బొమ్మను మొదటిసారి చూసినవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. 46 కర్బనాలు, 58 హైడ్రోజన్లు, 4 నైట్రోజన్లు, 9 ఆక్సిజన్లు, వలయం మీద వలయం. కాసేపు ఓపిగ్గా చూస్తే నడుమ ఒక్క గీత బయటపడుతుంది. దానికి ఒక పక్క కాథరాంథిన్ సంతతి, ఇంకో పక్క విండోలిన్. దేనికది నిండైన అణువు. ఒకే ఒక్క బంధం వాటిని కలిపింది. ఆ గజిబిజి అంతా ఆ గీత దగ్గరికి వచ్చేసరికి తేటపడిపోతుంది. నాకు ఈ అణువు మీద మోజు పుట్టింది ఆ గీత దగ్గరే.

దీన్ని పండించేది మన వాకిళ్ళలో ఏడాది పొడుగునా పూసే బిళ్ళగన్నేరు. పుట్టిల్లు మడగాస్కర్. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకులో చక్కెర జబ్బుకు మందుందేమోనని వెతికారు. ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. అలా దొరికిందే ఈ కేన్సర్ మందు. అయితే ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ చేతికి రావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఇంత పిసినారితనం ఎందుకంటే, కాథరాంథిన్ ఆకు పైపొరలోని మైనంలో ఉంటుంది, విండోలిన్ లోపలి కణాల్లో ఉంటుంది. ఒకే ఆకులో ఉన్నా రెంటికీ కలయిక అరుదు.

ఈ రెండు సగాలనూ మొక్క ఎలా కడుతుందో చూడాలి. మొదలు గులాబీ పరిమళంలో ఉండే జెరానియోల్. అక్కడినుంచి మెట్టు మెట్టుగా సెకోలోగానిన్ అవుతుంది. అది ట్రిప్టమిన్ అనే మరో అణువుతో కలిస్తే స్ట్రిక్టోసిడిన్. ఉత్త గాజుకుప్పెలో ఈ రెంటినీ కలిపితే కుడి ఎడమల రూపాలు రెండూ కలగాపులగంగా పుడతాయి. ఎంజైమ్ చేతిలో పెడితే ఒక్కటే పుడుతుంది, అదీ కావలసినదే. ఆ ఒడుపు చూసి మురిసిపోని రసాయనవేత్త ఉంటాడని నేననుకోను.

అసలు అద్భుతం ఇంకాస్త ముందుంది. స్ట్రిక్టోసిడిన్ నుంచి సాగే దారి మధ్యలో డీహైడ్రోసెకోడిన్ అనే అణువు పుడుతుంది. మహా చంచలం, పట్టుకుని సీసాలో దాచుకుందామంటే నిలవదు. దాన్ని ఒక ఎంజైమ్ ఒక తీరుగా మడిస్తే కాథరాంథిన్. ఇంకో ఎంజైమ్ ఇంకో తీరుగా మడిస్తే టాబెర్సోనిన్, దాని నుంచి విండోలిన్. పరమాణువులు అవే, వరస అదే, మడతే వేరు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఇటు రామకథగా, అటు భారతకథగా నడుస్తుంది కదా, అచ్చం అలాంటి శ్లేష ఇది. ఆ విరుపు ఎక్కడుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2018లో సారా ఓకానర్ బృందం ఆ ఎంజైములను పట్టుకుంది.

2022లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, జే కీస్లింగ్ తదితరులు, ఈ దారి మొత్తాన్ని ఈస్ట్ కణంలోకి దింపారు. పిండిని పులియబెట్టే ఈస్టే. మొక్కల నుంచి తెచ్చినవి 34 జన్యువులు, మొత్తం 56 జన్యు మార్పులు. ఎన్నడూ ఎండలో నిలబడని, ఆకన్నదే లేని ఆ కణం కాథరాంథిన్, విండోలిన్ రెంటినీ అల్లింది. ఇక్కడ వాళ్ళు ఆగారు. ఆఖరి బంధాన్ని ఈస్ట్‌కు వదలకుండా గాజుపాత్రలో తామే కుదిర్చారు. ఎక్కడిదాకా ఎంజైమ్ చేత చేయించాలో, ఎక్కడ రసాయనం చేతికివ్వాలో తెలియడమే ఈ కళలో ఔచిత్యం.

ఆ చివరి కలయిక అంత తేలిక కాదు. కాథరాంథిన్‌లో ఒక బంధం తెగి, వలయం విచ్చుకోవాలి. విండోలిన్ వచ్చి సరైన పక్క నుంచే అంటుకోవాలి. రెండో పక్క నుంచి అంటుకుంటే పుట్టేది మందుగా పనికిరాదు. 1970లలో ఫ్రాన్స్‌లో పియర్ పోతియే దీన్ని సాధించాడు. మైనస్ 50 డిగ్రీల చలిలో చేస్తే సరైన పక్కకు మొగ్గు, వేడి పెరిగేకొద్దీ రెండో రూపం వాటా పెరుగుతుంది. తర్వాత 2008లో అమెరికాలో డేల్ బోగర్ బృందం ఇనుము లవణాలతో ఒకే పాత్రలో, గది వేడిమి దగ్గరే ఆ రెంటినీ కలిపి, గాలిలోని ఆక్సిజన్‌నే తెచ్చి తగిలించి విన్‌బ్లాస్టిన్ దాకా నడిపింది. ఇక మొక్కలో? అక్కడ ఈ పని చేసేది పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్. దాని నడిబొడ్డున కూర్చున్నదీ ఇనుమే. ఆకు ఎంచుకున్న లోహాన్నే మనిషీ ఎంచుకున్నాడు. ఇది చదివిన రోజు నాకు మరో పని మీద మనసు పోలేదు.

2002లో జపాన్‌లో ఫుకుయామా బృందం మొక్క ఎంజైముల ఊసు లేకుండా ఈ అణువు మొత్తాన్ని చేతులతో కట్టింది. అది మహాకార్యం, సందేహం లేదు. అయినా నా ఓటు ఎంజైమూ గాజుపాత్రా కలిసి చేసిన పనికే. ఫుకుయామాది మనిషి గెలుపు. ఈస్ట్ పనిలో మనిషి మొక్క దగ్గర శిష్యరికం చేశాడు, చేశాక తన మాట ఒకటి కలిపాడు.

విన్‌బ్లాస్టిన్‌లో విండోలిన్ పక్క నైట్రోజన్ మీద ఉన్న మిథైల్‌ను ఫార్మైల్‌గా మారిస్తే విన్‌క్రిస్టిన్ అవుతుంది. పిల్లల ల్యుకేమియా చికిత్సలో మూలస్తంభం అదే. 2022లో ఆ ఈస్ట్ ఇచ్చింది లీటరుకు మైక్రోగ్రాముల్లోనే, కాబట్టి ఆసుపత్రిలో పిల్లలకు ఎక్కించే మందు ఇంకా ఆకు నుంచే వస్తోంది. ఒక్క విన్నపం. చక్కెర తగ్గుతుందని ఎవరైనా చెబితే పెరటి బిళ్ళగన్నేరు ఆకు నమలకండి. కణ విభజననే ఆపేసే విషం అది, వైద్యుడు తూచి ఇచ్చినప్పుడే మందు.