కొట్టివేతల పనితనం
అచ్చయిన కథను మెచ్చుకుంటాం గానీ, దాని వెనకున్న కొట్టివేతల్ని మనం చూడం. చిత్తుప్రతిని రచయిత ధారాళంగా రాసుకుపోతారు. అసలు పని ఆ కాగితాలను కొన్నాళ్లు పక్కన పెట్టి, పరాయి మనిషిలా మళ్లీ చదివినప్పుడు మొదలవుతుంది. తరచూ ముందు పోయేది తొలి పేరానే: వాతావరణ వర్ణన, పాత్ర పుట్టుపూర్వోత్తరాలు. కథ నిజానికి రెండో పేజీలో తలుపు చప్పుడుతో మొదలైందని అప్పుడు తెలుస్తుంది. 'ఆమెకు చాలా కోపం వచ్చింది' అన్న వాక్యం కొట్టేసి, ఆమె చేత అన్నం కంచం కాస్త గట్టిగా కింద పెట్టిస్తారు. సంభాషణల్ని పైకి చదువుకుంటారు. శ్రీకాకుళం ముసలమ్మ నోట బెజవాడ యాస దొర్లితే చెవి పట్టేస్తుంది. మార్జిన్‌లో బాణం గీసి ఒక పేరాను కిందికి దించుతారు. ముచ్చటపడి రాసుకున్న ఉపమానమైనా కథకు అడ్డొస్తే తీసేస్తారు. అన్నిటికన్నా కష్టమైన కోత అదే. చివర్లో నీతి చెప్పే రెండు వాక్యాలు పోయాక, ఆలోచించే పని పాఠకుడికి మిగులుతుంది. ఇంత చాకిరీ జరిగింది కాబట్టే పదిహేను నిమిషాల్లో చదివేసిన కథ ఏళ్లతరబడి గుర్తుంటుంది. కథకులారా, సాపు ప్రతి పంపేశాక చిత్తుప్రతులు చించేయకండి. కొత్తగా రాసేవాళ్లకు అంతకు మించిన పాఠం మరొకటి లేదు.