మన సీరియళ్లలో ఇది ఏ సంవత్సరం?

మన తెలుగు సీరియళ్లలో సంవత్సరాలుండవు. కోడలు ఏళ్ల తరబడి అదే హాల్లో అత్తచేత మాటలు పడుతూ ఉంటుంది. బయట వాన పడిందో లేదో, అప్పు ఎంతుందో ఆ ఇంట్లోకి రాదు. అనంతపురంలో కూర్చుని చూసేవాళ్లకి ఇది మరీ వింత. ఇక్కడ వాన మాట రాకుండా ఏ ఇంట్లోనూ తెల్లవారదు కదా!

2022లో చైనా ప్రభుత్వ టెలివిజన్‌లో వచ్చిన 'రెన్ షి జియాన్' అనే 58 ఎపిసోడ్ల సీరియల్‌ని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూశాను. లియాంగ్ షియావోషెంగ్ రాసిన నవల దానికి ఆధారం. 1969లో ఈశాన్య చైనాలోని ఒక కార్మికవాడలో కథ మొదలవుతుంది. చదువుకున్న యువతను పల్లెలకు పంపిన రోజులవి. పెద్దకొడుకు బింగ్‌యీ అలా వెళ్తాడు. కూతురు జౌ రోంగ్ ప్రేమించిన కవి కోసం గుయిజౌ కొండల్లోకి పోతుంది. చిన్నకొడుకు బింగ్‌కున్ తల్లి దగ్గర మిగులుతాడు. 1977లో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తిరిగి పెట్టడం, 90లలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఊడిపోవడం, చివరికి వాడనే కూల్చేయడం, ఇవన్నీ నేరుగా వాళ్ల అన్నం గిన్నె దగ్గరికి వస్తాయి. ప్రభుత్వ నిర్ణయం ఒక సంసారాన్ని ఎలా తాకుతుందో ఇంత ఓపిగ్గా చూపించడం నాకు నచ్చింది. ప్రభుత్వ టెలివిజన్ కాబట్టి కొన్ని గాయాల మీద చెయ్యి వేయకుండా దాటేసిన మాటా నిజమే.

నన్ను కదిలించిందీ, కోపం తెప్పించిందీ జెంగ్ జువాన్. అత్యాచారానికి గురై, బిడ్డను కన్న పేద పిల్ల. బింగ్‌కున్ ఆమెను పెళ్లి చేసుకుంటాడు. మంచంపట్టి స్పృహ లేకుండా ఉన్న అత్తకి ఒళ్లు తుడిచి, కాళ్లూ చేతులూ పిసికి మనిషిని చేస్తుంది. ఆడబిడ్డ పెకింగ్ యూనివర్సిటీలో చదువుకుంటుంటే ఆమె కూతుర్ని కూడా తనే పెంచుతుంది. 1977 పరీక్ష అన్నకీ అక్కకీ చరిత్ర. జువాన్‌కి మాత్రం ఇంకో పిల్లకి అన్నం పెట్టడం. ఆ లెక్క సీరియల్‌కి తెలుసు. తెలిసీ ఆమెకి కృతజ్ఞతలతో సరిపెడుతుంది.

అంతకంటే పెద్ద పేచీ ఒకటుంది. అత్యాచారం చేసినవాడు సంస్కరణల కాలంలో డబ్బున్నవాడై తిరిగొచ్చి కొడుకుని అడుగుతాడు. పెనుగులాటలో వాడు చనిపోతాడు, బింగ్‌కున్ జైలుకి పోతాడు. ఆమె మీద జరిగిన హింస కాస్తా ఇద్దరు మగవాళ్ల మధ్య కొడుకు గురించిన తగాదా అయి కూర్చుంది! ఇష్టమైన దారి ఎంచుకున్న జౌ రోంగ్‌ని చైనా ప్రేక్షకులు చాలామంది స్వార్థపరురాలన్నారట. జువాన్‌కేమో ఆదర్శ భార్య కిరీటం. ఈ తూకం మనకు కొత్తా?

అదే తరం ఆడమనిషిని అనంతపురంలో పెట్టి చూస్తే? అత్త కాలంలో చేలో కొర్రలూ సజ్జలూ జొన్నలూ. ఆమె కాలానికి అన్నీ పోయి చెనక్కాయ ఒక్కటే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా దక్కని నేల మీద తినే గింజ వదిలి అమ్మే గింజ వేశారు. విత్తనానికి కాయలు ఒలిచిందీ, కలుపు తీసిందీ ఆమే. బోర్లు ఎండాయి, అప్పులు మిగిలాయి, బెంగుళూరుకు వలస. మొగుడు పురుగుల మందు తాగితే 2004 నాటి జీవో 421 ప్రకారం అప్పట్లో లక్షన్నర ఇచ్చేవాళ్లు. దానికోసం చచ్చిపోయినవాడు రైతేనని పాస్‌బుక్కులతో, అప్పు కాగితాలతో రుజువు చేయాల్సి వచ్చేది. కౌలు చేసినవాడికి కాగితమెక్కడిది? ఆమే పురుగుల మందు తాగి ఉంటే రికార్డులో గృహిణి అని రాసేవాళ్లు.

విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, స్వామిల దాకా ఈ కరువు మన సాహిత్యంలో ఉంది. తెర మీదకి మాత్రం సీమ నుంచి ఫ్యాక్షన్ ఒక్కటే పోయింది: సుమోలు, బాంబులు, తొడలు కొట్టే మగవాళ్లు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఆ ఫ్యాక్టరీ గేటు దాకా మనవణ్ణి చదివించి పంపిన అవ్వలు ఇంకా ఉన్నారు. 1969లో వాళ్లు ఎవరి చేలో కలుపు తీస్తున్నారో, ఏ ఏడు వాన ఎగ్గొట్టిందో, ఏ ఏడు పుస్తె తాకట్టు పెట్టారో అడిగితే సంవత్సరాలతో సహా చెబుతారు.