పాతబస్తీ సందులో ఏ కెమెరా?

చార్మినార్ ముందు మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకుని నిలబడితే కాసేపట్లోనే ఎవరో ఒకరు దగ్గరికొచ్చి "ఏ ఛానల్ సార్?" అని అడుగుతారు. పిల్లలు గుంపుగా చేరి పోజులు పెడతారు. గాజుల కొట్టులో కూర్చున్నాయన సర్దుకుని నిటారుగా కూర్చుంటాడు. గుప్పిట్లో ఇమిడే కెమెరాతో తిరిగేవాణ్ని మాత్రం ఎవరో టూరిస్టు అనుకుని వదిలేస్తారు. మొదటి కెమెరా కొనాలనుకునేవాళ్లు మెగాపిక్సెళ్లు చూస్తారు, జూమ్ చూస్తారు, ధర చూస్తారు. కెమెరాను చూడగానే ఎదుటివాళ్లు ఎలా మారిపోతారన్నది ఏ పెట్టె మీదా రాసి ఉండదు. పాతబస్తీలో ఫోటోలు తీయదలచినవాళ్లు ముందు చూసుకోవాల్సింది అది.

పెద్ద కెమెరానా, చిన్న కెమెరానా అన్న ప్రశ్న హైదరాబాద్‌కు కొత్త కాదు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయిన లాలా దీన్‌దయాళ్‌కు అసలు ఎంచుకునే వీలే లేదు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో చదువుకుని, ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తూ ఈ విద్య పట్టుకున్నారాయన. ఆ కాలంలో నెగెటివ్ అంటే గాజు పలక. దాన్ని గుడ్డు తెల్లసొన పూసిన కాగితానికి ఆనించి, ఎండలో ఉంచి ప్రింటు తీసేవారు. పలక ఎంతో బొమ్మా అంతే. పన్నెండంగుళాల బొమ్మ కావాలంటే పన్నెండంగుళాల పలకా, ఆ పలక పట్టే చెక్క కెమెరా, దాన్ని మోసే ముక్కాలి పీట, ఇవన్నీ మోయడానికి మనుషులూ కావాలి. అంత సరంజామా దిగాక ఎదుట ఉన్నవాళ్లు కదలకుండా, గంభీరంగా, తమ హోదాకు తగ్గట్టు నిలబడతారు. దీన్‌దయాళ్ పలకల్లో ఎక్కువ చోటు దర్బారులది, మహళ్లది, వేట శిబిరాలది, సైనిక కవాతులది. నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్' బిరుదిచ్చింది వాటికే. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

అయితే ఆయనకు ఇంకో సంగతి కూడా తెలుసు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాడి కెమెరా ముందుకు రారు. అందుకని 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. అక్కడ కెమెరా మారలేదు, దాని వెనుక నిలబడే మనిషి మారింది. పాతబస్తీలో ఫోటో తీయడంలోని మొదటి మెళకువ ఇదేనని చెప్పినా తప్పు లేదు. నేడు లాడ్ బజార్‌లో గాజులు బేరమాడుతున్న ఆడవాళ్ల మీదికి అనుమతి అడక్కుండా లెన్స్ గురిపెట్టేవాళ్లు ఏ కెమెరా పట్టుకున్నా చెడ్డ ఫోటోగ్రాఫర్లే.

చిన్న కెమెరాల కథ వేరే దారిలో వచ్చింది. 1888లో కొడాక్, 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ, 1925లో జర్మనీ నుంచి లైకా. మన ఇళ్లలోకి వచ్చింది ఎక్కువగా ఆగ్ఫా క్లిక్ త్రీ. రోలుకు పన్నెండు బొమ్మలు. పెళ్లికి స్టూడియోవాళ్ల పెద్ద కెమెరా, సాలార్‌జంగ్ మ్యూజియం చూడ్డానికి వెళ్తే ఇంట్లోవాళ్ల చిన్న కెమెరా అన్న పంపకం ఏళ్ల తరబడి అలాగే సాగింది. 2003లో కెనాన్ 300డీ అనే డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరా) వెయ్యి డాలర్ల లోపు ధరకు రావడంతో ఆ పంపకం చెదిరింది. స్టూడియోవాళ్ల చేతిలో ఉండే రకం కెమెరా కాలేజీ కుర్రాడి భుజానికి ఎక్కింది. ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ చుట్టూ ఫోటోవాక్‌లు చేసే బృందాలు పుట్టింది ఆ తర్వాతే. ఇప్పటికీ ఆ నడకల్లో కొత్తగా చేరినవాళ్లు మొదట అడిగే ప్రశ్న 'డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలా, కాంపాక్ట్ చాలా?' అనే. కాంపాక్ట్ అంటే జేబులో పట్టే చిన్న కెమెరా.

జవాబు సెన్సర్ దగ్గర, అంటే వెలుతురును బొమ్మగా పట్టే పలక దగ్గర మొదలవుతుంది. చవక కాంపాక్ట్‌లలో ఉండే సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. నికాన్ డీ3500 వంటి ప్రవేశస్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌లో అది 366. పదమూడు రెట్ల తేడా. పట్టపగలు పత్తర్‌గట్టీ రాతి దుకాణాల ముందు ఈ తేడా కంటికి ఆనదు. రంజాన్ రాత్రి మదీనా సర్కిల్ నుంచి చార్మినార్ దాకా నడిస్తే ప్రతి ఫ్రేములోనూ తెలుస్తుంది. చిన్న సెన్సర్ నీడల్లో రంగు రంగు చుక్కలు పోస్తుంది. వాటిని చెరిపే ప్రయత్నంలో కెమెరా ముఖాలను మైనం పూసినట్టు నున్నగా చేసేస్తుంది. ఆ రకం కాంపాక్ట్ కొనేబదులు జేబులో ఉన్న ఫోన్‌తో సరిపెట్టుకోవడం మేలు.

కానీ కాంపాక్ట్‌లన్నీ ఒకటి కాదు. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100తో 'ఒక అంగుళం' సెన్సర్ జేబులోకి వచ్చింది. పేరులో అంగుళం ఉంది గానీ అసలు కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లే, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. డీ3500 సెన్సర్ దీనికి మూడు రెట్లు పైనే ఉంటుంది. అక్కడితో లెక్క ముగిసిందనుకుని చాలామంది డీఎస్‌ఎల్‌ఆర్ కొనేస్తారు. లెన్స్‌ను కలపకుండా వేసిన లెక్క అది. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పెట్టెలో వచ్చే 18-55 కిట్ లెన్స్ వెడల్పు కొస దగ్గర, అంటే జూమ్ లాగనప్పుడు, ఎఫ్/3.5 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. ఆర్‌ఎక్స్100 లెన్స్ ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. చదరపు మిల్లీమీటరుకు దాదాపు నాలుగు రెట్ల వెలుతురు లోపలికొస్తుందన్నమాట. సెన్సర్‌లో పోగొట్టుకున్నది లెన్స్‌లో రాబట్టుకుంది. ఇరుకు సందులో వెడల్పు కోణంలో తీసినంతసేపు 240 గ్రాముల ఆ చిన్న కెమెరా, లెన్స్‌తో కలిపి 600 గ్రాములు దాటే పెద్ద కెమెరాకు ఏ మాత్రం తీసిపోదు.

జూమ్ లాగితే కథ తిరగబడుతుంది. పొడవు కొసన ఆర్‌ఎక్స్100 లెన్స్ ఎఫ్/4.9కు మూసుకుపోతుంది. కిట్ లెన్స్‌ది ఎఫ్/5.6. అక్కడ లెన్సుల తేడా స్వల్పం కాబట్టి పెద్ద సెన్సర్ రెండు రెట్లు పైగా ముందుంటుంది. ఇక అదే డీఎస్‌ఎల్‌ఆర్‌కు కిట్ లెన్స్ తీసేసి 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే జేబు కెమెరాలు పోటీలోనే ఉండవు. తిప్పలన్నీ కిట్ లెన్స్‌తోనే. డీఎస్‌ఎల్‌ఆర్ కొని ఏళ్ల తరబడి దాంతోనే ఆగిపోయినవాళ్లు బరువు మోశారు గానీ, ఆ బరువుకు దక్కాల్సింది దక్కించుకోలేదు.

లాడ్ బజార్‌కే వెళ్దాం. చార్మినార్‌కు పడమరగా మహబూబ్ చౌక్ వైపు సాగే ఈ వీధిలో లక్క గాజుల కొట్లు వరసగా ఉంటాయి. గాజు తయారయ్యే గది వీధి వెనుక ఇరుకులో ఉంటుంది. బొగ్గుల వేడి మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, వంచి గాజు చేస్తారు. ఆ వేడి ఆరేలోగా రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. కిట్ లెన్స్ పాతిక సెంటీమీటర్లకన్నా దగ్గరికి పోతే ఫోకస్ పట్టదు. ఆర్‌ఎక్స్100 వెడల్పు కోణంలో అయిదు సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. రాయి అద్దుతున్న వేలి కొసనూ, పక్కనే నిప్పుల పళ్లేన్నీ ఒకే ఫ్రేములో పట్టుకోవచ్చు. శబ్దం సంగతి కూడా ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ప్రతి క్లిక్కుకూ అద్దం పైకి లేచి పడుతుంది. ఆ టప్పుమనే చప్పుడుకు పని చేస్తున్న మనిషి ప్రతిసారీ తలెత్తుతాడు. చాలా కాంపాక్ట్‌లలో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, వినీ వినపడనట్టు కదులుతుంది. వెనక దృశ్యం మసకబారడం డీఎస్‌ఎల్‌ఆర్‌కు గొప్పగా చెప్పుకుంటారు. లాడ్ బజార్‌లో వెనక దృశ్యాన్ని చెరిపేస్తే ఇక మిగిలేదేమిటి?

కొట్ల ముందు ఇంకో చిక్కుంది. తళుకు రాళ్ల మీద బల్బులు పడి మెరిసే చోట కెమెరా తనంతట తాను వేసే లెక్క తప్పుతుంది, మెరుపులు తెల్లని మచ్చలైపోతాయి. ఎక్స్‌పోజర్‌ను ముప్పావు స్టాపో, ఒక స్టాపో తగ్గించి తీయాలి (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది). ఎల్‌ఈడీ లైట్లలో చాలావరకు మన కరెంటుతో పాటు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. అందుకే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 దగ్గర ఉంచకపోతే ఫోటో మీద చారలు పడే ప్రమాదం ఉంది. నిశ్శబ్దంగా ఉందని కాంపాక్ట్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడేవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ.

ఎండ దిశ తెలిస్తే సగం పని అయినట్టే. సాయంత్రం లాడ్ బజార్‌లో తూర్పు ముఖంగా నిలబడితే సూర్యుడు వీపు వెనుక ఉంటాడు, చార్మినార్ పడమటి గోడ పచ్చగా వెలుగుతుంది. పొద్దున అదే చోటి నుంచి చూస్తే మీనార్లు నల్లని ఆకారాలు. ఆటోరిక్షా పొగ, చాయ్ ఆవిరి వెలుగుకు అడ్డుపడి కనిపించేది అప్పుడే. ఇలాంటి ఎదురెండ ఫోటోలో నీడల్లోంచి వివరాలు పైకి లాగాలంటే రా ఫైలు, అంటే కెమెరా సవరించని ముడి ఫైలు తీసుకోవాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లన్నీ రా ఇస్తాయి, చవక కాంపాక్ట్‌లలో చాలా వాటికి ఆ సదుపాయం ఉండదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి కనుక చార్మినార్ లోపల ఏ కెమెరానైనా చేత్తో పట్టుకునే తీయాలని లెక్కవేసుకోవడం మంచిది.

ఇంతవరకు చదివి కాంపాక్టే మేలనుకునేవాళ్లు ఆషాఢంలో లాల్ దర్వాజకు వెళ్లాలి. సింహవాహిని అమ్మవారి బోనాల నాడు ఒళ్లంతా పసుపు పూసుకున్న పోతరాజు కొరడా ఝళిపిస్తూ జనంలోంచి దూసుకొస్తాడు. డప్పు దరువుకు ఆయన ఏ క్షణం ఎటు తిరుగుతాడో చెప్పలేం. కాంపాక్ట్ తెర మీద చూసుకుంటూ ఫోకస్ కుదిరేదాకా ఆగితే ఫ్రేములో మిగిలేది ఆయన వీపు. డీఎస్‌ఎల్‌ఆర్ కిటికీలోంచి కనిపించేది నేరుగా కాంతే, అందులో ఆలస్యం ఉండదు. దానికి తోడు ఫోకస్ వేగం, సెకనుకు అయిదు ఫ్రేములు. డీ3500 బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫోటోల దాకా లాగుతుందని తయారీదారు లెక్క. మొదటి ఆర్‌ఎక్స్100ది 330. మర్నాడు ఏనుగు మీద ఘటం ఊరేగింపు వస్తే డాబా మీంచి తీయడానికి పొడవాటి లెన్స్ తగిలించుకోవచ్చు. మొహర్రం పదో రోజు దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయల్దేరే బీబీ కా ఆలం (పవిత్ర ధ్వజం) ఊరేగింపు విషయంలోనూ అంతే. అది సంతాపం, దగ్గరికి దూసుకెళ్లి ముఖాల మీద ఫ్లాష్ కొట్టే సందర్భం కాదు. దూరంగా నిలబడి తీయగలిగే లెన్స్ అక్కడ మర్యాద కూడా.

అంటే నడకకు కాంపాక్ట్, ఊరేగింపుకు డీఎస్‌ఎల్‌ఆర్. ఒక్కటే కొనగలిగే మనిషికి ఈ జవాబు చాలదు. వారం వారం సందులు తిరుగుతూ చేతిపనులు, చాయ్ దుకాణాలు, మనుషులను తీయాలనుకుంటే ఒక అంగుళం సెన్సర్ ఉన్న కాంపాక్ట్ కొనడమే తెలివైన పని. బరువు లేని కెమెరా ఇంట్లో మిగిలిపోదు. పండుగలు తీయాలి, ఫోటోగ్రఫీని పద్ధతిగా నేర్చుకోవాలి, రేపు పెళ్లిళ్లకు కూడా పోవాలి అనుకుంటే డీఎస్‌ఎల్‌ఆర్, దాంతోపాటు తప్పనిసరిగా ఒక ఎఫ్/1.8 లెన్స్. ప్రింటు సైజు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. ఆర్‌ఎక్స్100 ఫైలు అంగుళానికి 300 చుక్కల లెక్కన 18 × 12 అంగుళాలకు సరిపోతుంది, డీ3500ది 20 × 13. గోడకు తగిలించాక ఆ రెండంగుళాల తేడాను ఎవరూ అడగరు.

మార్కెట్ కూడా కొంత నిర్ణయించేస్తోంది. కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి. డీ3500 తయారీ ఆగిపోయింది. అందుకే ప్రవేశస్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ అంటే ఇప్పుడు చాలామందికి సెకండ్ హ్యాండ్ బేరమే. పాతది కొనేటప్పుడు సొంత మెమరీ కార్డు తీసుకెళ్లాలి. నికాన్ అయితే అప్పుడే తీసిన ఫోటో ఫైలులోనే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నమోదై ఉంటుంది. డీ3500 షట్టర్‌ను కంపెనీ పరీక్షించింది లక్ష క్లిక్కులకు. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల చుక్కలుగా బయటపడుతుంది. అది భయపడాల్సిన లోపం కాదు, శుభ్రం చేయించుకోవచ్చు. లెన్స్‌లోకి ఒక వైపు నుంచి టార్చ్ వేసి రెండో వైపు నుంచి చూసినప్పుడు సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా ఆ లెన్స్ వద్దు. కాంపాక్ట్‌కు పరీక్ష ఇంకో రకం. లెన్స్ విప్పి తుడిచే వీలుండదు కనుక లోపల చేరిన దుమ్ము బయటికి రావాలంటే కెమెరా మొత్తం ఊడదీయాలి, ఆ కూలి ఒక్కోసారి కెమెరా ధరను అందుకుంటుంది. కొట్టులోనే పదిసార్లు ఆన్ చేసి ఆపాలి, జూమ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి చూడాలి. గరగరమని ఒక్కసారి వినిపించినా డబ్బు తీయకుండా పక్క కొట్టుకు వెళ్లవచ్చు.